చెల్కలో మొదటి గింజ

“చలి పెడుతున్నది, టవాల కప్పుకపో.”

“ఉన్నది గాని, నువ్వు తిను. నా కోసం సూడకు.”

“ఆ.”

మేమిద్దరం చివరిసారి అనుకున్న మాటలు ఇవే. మా ఆయన పత్తి వేసుకుని జనగామ మార్కెట్‌కు పోయాడు. నేను అన్నం తిన్నాను. చెయ్యి కడుక్కుంటుంటే ఫోన్ వచ్చింది. మార్కెట్‌లో ఛాతీ పట్టుకుని కూలబడ్డాడట, దవాఖానకు చేరకముందే పోయాడట. నేను దానికీ ‘ఆ’ అనే అన్నాను.

నాకు సంతకం చేయడం వరకే వచ్చు. భూపాలపల్లి నుంచి వచ్చిన మా చెల్లె రాస్తున్నది, నేను చెబుతున్నాను.

మా దిక్కు చావింట్లో ఆడవాళ్ళు శోకం పెడతారు. పోయినవాళ్ళ మంచీ చెడ్డా రాగం తీసి చెప్పుకుంటూ ఏడుస్తారు. వచ్చిన ప్రతి చుట్టాన్నీ మెడ చుట్టుకుని ఏడవాలి. నాకు రాలేదు. శోకమంతా మా అత్తే పెట్టింది. కొడుకు కదా. నా వెనక ఎవరో అన్నారు, “మొగడు పోయినదానికి కంట్ల తడి లేదు సూడు.” నాకు కోపం కూడా రాలేదు. తడి లేని మాట నిజమే. పన్ను పీకేముందు సూది వేస్తే దవడ ఎట్లా ఉంటుందో, లోపలంతా అట్లా ఉంది. కొరుక్కున్నా తెలియదు.

మాది బచ్చన్నపేట దగ్గరి ఊరు. ఎండాకాలం మొదట్లో అంగన్‌వాడీ టీచరు ఇంటికి వచ్చి, భర్త పోయిన ఆడవాళ్ళు శుక్రవారం పూట పిల్లలు పోయాక అంగన్‌వాడీలో కూర్చుంటున్నారు, నువ్వూ రా అన్నది. సరే అన్నాను. ఎవరేమన్నా సరే అనడమే అప్పుడు నా పని. నాతో కలిపి అయిదుగురం. అందరికంటే పెద్దామె పుట్టినూరు పెద్దవంగర. అందుకని పెద్దవంగర అక్క అంటాం. ఊళ్ళో మా కూర్చోవడానికి ‘ముండమోపుల మీటింగు’ అని పేరు పెట్టారు. అక్క అది విని, “పేరు మంచిగనే ఉన్నది, బోర్డు రాపిద్దాం” అన్నది. అందరూ నవ్వారు. నేను వాళ్ళ నోళ్ళు చూస్తూ కూర్చున్నాను.

అక్కడ ఉత్త చేతులతో కూర్చోరు. ఎవరింటి చింతపండైనా తెచ్చి మధ్యలో పోస్తారు. గింజ తీస్తూ మాట్లాడాలి. చెప్పాలనుకున్నవాళ్ళు చెబుతారు, మిగతావాళ్ళ చేతులు ఆగవు. ఏడిస్తే ఏడవకు అనరు. ఏడవకపోతే ఎందుకు ఏడవవు అనరు. నా వంతు వస్తే “ఏం లేదు” అనేదాన్ని. “లేకుంటే లేదు, గింజలు తియ్యి” అనేది అక్క.

తొలకరి దగ్గర పడ్డాక మా మరిది వచ్చాడు.

“వదినె, ఈయేడు చెల్క నాకు కౌలుకియ్యి. ఒక్కదానివి ఏం జేస్తవ్?”

మాకున్న మెట్ట చేను ఆ చెల్క ఒక్కటే. ఒకసారి కౌలుకు పోయిన చెల్క మళ్ళీ నా చేతికి వస్తుందన్న నమ్మకం లేదు. ఇక బతికినన్నాళ్ళూ పక్కవాళ్ళ చేన్లకు కూలికి పోవడమే. అది తెలిసి కూడా సరే అనడానికి నోరు తెరిచాను. ఎందుకో, శుక్రవారం దాటాక చెబుతానన్నాను.

ఆ శుక్రవారం మొదటిసారి నా మాట నేను చెప్పాను, మరిది చెల్క కౌలుకు అడిగిన సంగతి.

“మరి నీకేమున్నది మనసుల?” అన్నది అక్క.

“మనసుల ఏం లేదక్కా. దున్నిపియ్యొచ్చు, కూలోళ్ళను పిలవొచ్చు. మొదటి గింజ ఎవరు పెడ్తరు? ఏ ముత్తైదువనన్న బతిమాలాలె.”

మా దగ్గర పత్తి పెట్టే రోజు చేనులో కొబ్బరికాయ కొట్టి, మొదటి గింజ ముత్తైదువ చేత పెట్టిస్తారు. భర్త లేని చెయ్యి పెడితే పంట చెడుతుందంటారు.

“మా చెల్కల నేనే పెడుతున్న,” అన్నది అక్క. “గింజ నా నొసలు సూడది, వాన సూస్తది.”

“పంట పోతే నన్నంటరు.”

“అంటరు. ముత్తైదువ పెట్టినేడు పోలేదా? అప్పుడు వాననన్నరు.”

మరిదికి కౌలుకు ఇవ్వనని చెప్పాను. అతనికి కోపం వచ్చింది గానీ ట్రాక్టరు తెచ్చి దున్నాడు, నిలువూ అడ్డం అచ్చు తోలాడు. గీతలు కలిసేచోట గింజ పెట్టాలి.

వాన పడ్డ మరునాడు ఆ నలుగురూ వచ్చారు. మా అత్త కూడా నీళ్ళ బిందెతో వచ్చింది. నా భర్త చిన్నపిల్లవాడుగా ఉన్నప్పుడే మా మామ పోయాడు. అప్పటినుంచీ పత్తి పెట్టేనాడు అత్త గడప దాటేది కాదు, ఎదురైతే కీడని. అందరికీ వండి, లోపల కూర్చునేది. ఆనాడు చేను దాకా వచ్చింది గానీ గట్టు మీదే ఆగింది.

“నేను ఈడనే ఉంట. మీరు కానియ్యుండ్రి.”

పిడికిట్లో గింజలున్నాయి. నేను వంగబోయి ఆగాను. గట్టెక్కి ఆమె చెయ్యి తెరిచి రెండు గింజలు పెట్టాను.

“అత్తా, నువ్వు పెట్టు.”

“నాకెందుకు బిడ్డా. పాడు చెయ్యి.”

“నాది గూడ గదే చెయ్యి. పెట్టు.”

“జల్ది పెట్టు పెద్దవ్వా, మొగులు పట్టింది, వానొస్తది,” అన్నది అక్క.

అత్త దిగింది. గింజలు పెట్టి మట్టి కప్పింది. అట్లాగే కూలబడి శోకం ఎత్తుకున్నది. కొడుకు కోసమనుకున్నాం. కాదు, మామ కోసం. ఇన్నేళ్ళ తర్వాత ఆయన పేరు పెట్టి పిలిచి, నీ చెల్కలోకి నన్ను రానీయలేదు కదా అని ఏడ్చింది. ఎవరూ ఊరుకోమనలేదు. నేను పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేశాను. నా కళ్ళు పొడిగానే ఉన్నాయి. కానీ ఆమె వీపు వణకడం నా అరచేతికి తెలిసింది. నా భర్త పోయాక నాకు ఏదైనా తెలియడం అదే మొదలు.

తర్వాత లేచి సాళ్ళు పట్టాం. గట్టు మీద నుంచి మరిది అరిచాడు, “వదినె, అచ్చు తప్పుతున్నరు, సూస్కోని పెట్టుండ్రి.”

మొలకలు వచ్చాయి. కొన్నిచోట్ల రాలేదు, మళ్ళీ పెట్టాం. రానిచోట ఎవరి చెయ్యి పడిందో ఎవరూ అడగలేదు. శుక్రవారాలు పోతున్నాను. ఇప్పటికీ కొన్నిసార్లు “ఏం లేదు” అనే అంటాను.

ఇగ చాలు చెల్లె. మొదటి సంది ఒక్కసారి సదువు, వింట. నేను ఏడ్చిన అని ఏడనన్న రాసినవేమో, గది కొట్టెయ్యి.