మేస్త్రికి మందు సగంలో ఆగింది

నిన్న పొద్దున్న క్లాసులో ఉండగా బాబాయి ఫోన్ చేశాడు. కట్ చేశాను.

మళ్ళీ చేశాడు. ఆ టైములో చెరువులో చేపలకి మేత సంచులు కట్టే మనిషి, ఊరికే ఫోన్ చేయడు. బయటికొచ్చి ఎత్తాను.

"మేస్త్రి పోయాడ్రా" అన్నాడు.

అంతే. మా కాలేజీ వరండాలో ఎంతసేపు నిలబడ్డానో తెలియదు.

మేస్త్రి మా దానియేలు బాబాయి పిల్లి. మన స్టూడెంట్ గ్రూపులో ఉన్న మీలో పదకొండు మంది వాడిని ఫోనులో తప్ప చూడలేదు. అయినా వాడి మందుకి డబ్బులు పంపారు. ఏం జరిగిందో మీకు చెప్పాలి.

బాబాయి కైకలూరు దగ్గర ఒక చేపల చెరువుకి కాపలా. గట్టు మీద రేకుల షెడ్డు, దాని నిండా తవుడు బస్తాలు. ఎలుకలు బస్తా కొరికితే చెరువు రైతు ఆ నష్టం కాపలావాడి జీతంలోనే కోస్తాడు. అందుకని పోయినేడు ఒక పసుపు పిల్లిపిల్లను తెచ్చుకున్నాడు.

లారీ దిగుమతి అవుతుంటే ఆ బుడ్డోడు ప్రతి బస్తా ఎక్కి, వాసన చూసి దిగేవాడు. కూలీలు పని ఆపి, "ఏవండీ మేస్త్రిగారూ, సరుకు బాగుందాండీ?" అని అడిగేవారు. పేరు అలా నిలిచిపోయింది.

నా లెక్కలో వాడు పనివాడు. సెలవు లేదు. కూలి రెండు చేపతలలు.

మూడు నెలల కిందట వాడి పొట్ట ఉబ్బింది. వీపు మీద ఎముకలు తేలాయి.

సర్కారు పశువుల ఆసుపత్రిలో గేదెకి మందుంది, గొర్రెకి మందుంది. "పిల్లికి మాకేం మందు రాదు బాబూ" అన్నారు అక్కడి డాక్టరుగారు. ఆయన మీద అరవబోయి ఆగాను. ఖాళీ అల్మరా ఆయన తెచ్చిపెట్టింది కాదు.

ఏలూరులో ప్రైవేటు డాక్టరమ్మ పొట్టలో నీరు తీసి చూశారు. పిల్లులకొచ్చే వైరస్ జబ్బు, వదిలేస్తే బతకడు, మందు మాత్రం ఉంది అన్నారు. "ఉంది" అనగానే బాబాయి ముఖం ఎలా వెలిగిందో నాకింకా కళ్ళలోనే ఉంది.

తర్వాత ధర చెప్పారు.

రోజుకో ఇంజెక్షన్, ఎనభై నాలుగు రోజులు. హైదరాబాద్ నుంచి తెప్పించాలి. ఒక సీసా బాబాయి వారం జీతం, నాలుగైదు రోజుల్లో అయిపోతుంది. పైగా బరువును బట్టి డోసు. వాడు కోలుకుని ఒళ్ళు చేస్తే మందు ఇంకా ఎక్కువ కావాలి.

"అయితే ఆడికి తిండెట్టాలన్నా భయపడాలండి" అన్నాడు బాబాయి. నవ్వబోయాడు. డాక్టరమ్మ తల దించుకున్నారు.

అదే వారం చెరువులో చేపకి పేను పట్టింది. మందు డ్రమ్ములు ఆటోలో దిగాయి. రైతు ధర కూడా అడగలేదు. చేపని అమ్ముకోవచ్చు. మేస్త్రిని ఎవరు కొంటారు?

వైద్యం అందరి హక్కు అన్న కరపత్రం నా దిండు కిందే ఉంది. నేనే వంద మందికి పంచాను. ఏ ప్రాణం దగ్గర ఆ హక్కు ఆగిపోతుందో అందులో రాయలేదు.

మన గ్రూపులో పోస్ట్ పెట్టాను. ఒక సీనియర్ ఏమన్నాడో మీకు గుర్తుందిగా. "ఒరేయ్, పులైతే ఫారెస్టోళ్ళు చూసుకుందురు. నీది పిల్లి." వాడితో కొట్లాటకి దిగాను. మీరు మాత్రం మాట్లాడకుండా పంపారు. కొందరు టిఫిన్లు మానేసి పంపారు.

పదో రోజుకి పొట్ట తగ్గింది. నెల తిరిగేసరికి మేస్త్రి మళ్ళీ బస్తాలెక్కాడు. ఆ వీడియో మీరంతా చూశారు.

చెరువుల మీద ఒక పద్ధతి ఉంది. చేప తిరిగి మేతకొస్తే మందు ఆపేస్తారు. బాబాయి ముప్పై ఏళ్ళుగా అదే చూశాడు, అదే చేశాడు. ముప్పై రెండో రోజున మేస్త్రికి కూడా ఇంజెక్షన్ ఆపేశాడు.

నాకు చెప్పలేదు. ఇంకో సీసా తెప్పించనా అని అడిగితే "ఇంకా ఉందిరా, తొందరేం లేదు" అనేవాడు. నాకు అనుమానం రాలేదు. నిజం చెప్తున్నాను, ఇంకొన్నాళ్ళు ఎవర్నీ డబ్బు అడగక్కర్లేదని హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

మూడు వారాల్లో పొట్ట మళ్ళీ ఉబ్బింది.

బస్సెక్కి వెళ్ళాను. షెడ్డు ముందే అరిచాను. "ఎనభై నాలుగు రోజులని డాక్టరమ్మ చెప్పలేదా బాబాయ్? చేపనుకున్నావా ఆణ్ణి?"

"తింటున్నాడు కదరా అనుకున్నాను."

"నువ్వే చంపుతున్నావు."

బాబాయి మెల్లిగా, "మీరు పిల్లలు టిఫిన్లు మానేత్తన్నారంట కదరా. నువ్వన్నావని పిన్ని చెప్పింది. పిల్లి కోసం పిల్లల్ని పస్తులుంచుతానా?" అన్నాడు.

డాక్టరమ్మకి ఫోన్ చేశాను.

జబ్బు తిరగబెడితే డోసు పెంచి మొదటి రోజు నుంచి మొదలెట్టాలట. ఖర్చు రెట్టింపు. మిగిలిన మందు నాలుగు రోజులొచ్చింది. మిమ్మల్ని మళ్ళీ అడిగాను. ఎగ్జామ్ ఫీజుల రోజులు, ఉన్నవాళ్ళు ఉన్నంత ఇచ్చారు. ఒక్క సీసాకి సరిపోయింది. అది కూడా అయిపోయాక బాబాయి చేసిందల్లా వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడమే.

మందు లేని జబ్బుతో పోతే ఏడ్చి ఊరుకునేవాణ్ణి. మందు ఉంది. హైదరాబాద్‌లో ఎక్కడో ఒక అరలో ఇప్పుడు కూడా ఉంది. ఎవరి మీద అరవాలో తెలియక ముప్పై ఏళ్ళు గట్టు కాసిన మనిషి మీద అరిచాను.

మీలో ఎవరైనా బాబాయికి ఫోన్ చేస్తే చేయండి. ఎందుకు ఆపావని మాత్రం అడగకండి. ఆ ప్రశ్న నేను అడిగేశాను. ఆయనకి జన్మకి సరిపోతుంది.

ఇక పడుకో మేస్త్రీ. సూదులు లేని చోట, నీ ప్రాణానికి ఎవరూ ధర చెప్పని చోట, నీకు శాంతి దొరకాలి.