తుమ్మితే తడిసే రోజుల్లో బరంపురం ప్రయాణం

ఏడాదిగా ఈ బ్లాగులో ఒక్క ప్రయాణమూ రాయలేదు. పసిపిల్లతో తీరిక లేదనుకున్నారు అందరూ. అసలు కారణం వేరు. రెండో కాన్పయ్యాక తుమ్మినా, దగ్గినా, నవ్వినా ఉచ్చ చుక్కలు చుక్కలుగా పడిపోయేది. తుమ్మితే ఊడే ముక్కు ఎన్నాళ్లుంటుంది అంటారు. నా ముక్కు నిక్షేపంలా ఉంది, తక్కినదే లేదు. ఏ ఊరి పేరు విన్నా అక్కడ మరుగుదొడ్డి ఎక్కడుందా అనే ఆలోచనే. ఇక జన్మలో ఊరు దాటనేమోనని బెంగ పట్టుకుంది. బరంపురంలో ఇలాంటి బాధలకి కసరత్తులు నేర్పే ఫిజియోథెరపీ డాక్టరమ్మ ఉందని తెలిసి బయలుదేరాను. ఇంట్లో మాత్రం నడుం నొప్పి అని చెప్పాను.

గంజాంలో పొద్దున్న తొమ్మిదింటి బస్సు. పాపను ఆయనకి అప్పగించి, తోడొస్తున్న అత్తగారితో గడప దాటబోతూ తుమ్మాను. ఒకే ఒక్క తుమ్ము.

"ఒంటి తుమ్మే! కూకో. గ్లాసుడు నీళ్లు తాగి ఎల్దాం" అన్నారు అత్తగారు.

"దాహం లేదత్తయ్యా."

"దాహం సంగతెవలడిగినారు? శకునానికి తాగు."

బస్సు ప్రయాణమని పొద్దుటినుంచీ నోరు కట్టుకున్నదాన్ని, ఆ పెద్ద స్టీలు గ్లాసు ఖాళీ చేశాను. ఛత్రపురం దాటేసరికి రోడ్డు మీది గతుకులన్నీ నాకు చుట్టాలైపోయాయి. ప్రయాణం గంట పైచిలుకు, టికెట్టు యాభై రూపాయల దరిదాపుల్లో. బరంపురం బస్టాండున్న హల్దియాపదర్‌లో దిగగానే అత్తగారు వేడి వేడి బఠాణీల ఘుగుని తిందామన్నారు. నేను అప్పటికే మరుగుదొడ్డి వైపు పరుగు తీస్తున్నాను. శుభ్రంగానే ఉంది, చిల్లర దగ్గరుంచుకోండి.

అక్కడినుంచి ఆటోలో ఆస్పత్రికి వెళ్లాం. బాధేమిటని అడిగింది డాక్టరమ్మ. పక్కనే అత్తగారు. "నడుం నొప్పండీ" అన్నాను.

"అబద్ధాలెందుకే?" అన్నారు అత్తగారు. "ఉచ్చ ఆగట్లేదమ్మా దీనికి. బట్టలు నానేసీది నేను, నాకు తెలీదేటి?"

నాకు తల కొట్టేసినట్టయింది. "తెలిసే ఆ నీళ్లు తాగించారా?"

"అది శకునం, ఇది రోగం. దేని దారి దానిదే."

డాక్టరమ్మ నవ్వాపుకుంటూ, కాన్పుల్లో పొత్తికడుపు అడుగు కండరాలు వదులవుతాయని చెప్పింది. గ్యాసు ఆపుకున్నట్టు బిగించి, లోపలికి పైకి లాగి, కాసేపుంచి, పూర్తిగా వదలాలట. ఊపిరి బిగబట్టకూడదు, నీళ్లు తాగడం మానకూడదు. తేడా తెలియడానికి కొన్ని వారాలు పడుతుందంది. తర్వాత అత్తగారి వైపు తిరిగి, "మీకెలా ఉందమ్మా?" అని అడిగింది.

"మాకేటమ్మా! ఇద్దర్ని కన్నాక గట్టిగా నవ్వడం మానీసినాను. అంతే."

పెళ్లయిన దగ్గర్నుంచీ ఆవిడ మూతి ముడుచుకునేది నా మీద కోపంతోనే అనుకున్నాను.

తిరుగు ఆటోలో ఇద్దరం నోరెత్తకుండా నేర్చుకున్న పాఠం మొదలుపెట్టాం. ఆటో అతను అద్దంలోంచి చూసి, "ఏటమ్మా, అత్తాకోడళ్లు గొడవపడ్డారేటి? మొహాలు బిగించుకొని కూకున్నారు" అన్నాడు.

"బిగించింది మొహాలు కాదు నాయినా" అని అత్తగారు పకపకా నవ్వేశారు. నవ్వీ నవ్వీ "అయ్యో!" అన్నారు. నేనూ "అయ్యో!" అన్నాను.

ఇదంతా జరిగి మూడు నెలలైంది. నాకు చాలావరకు తగ్గింది, ఆవిడకీ నయమే. పిల్లల్ని కన్నాక ఇది మామూలేనంటూ మనల్ని ఊరుకోబెడతారు. చాలామందికి వచ్చేదే కావచ్చు, అలాగని ఓర్చుకుంటూ బతకాల్సిన పని లేదు. ఒక మనిషి తన నవ్వునే ఇన్నేళ్లు దాచుకుందంటే నాకిప్పటికీ కోపం వస్తుంది.

వెళ్లేవాళ్లకి ఒక్క సలహా. అక్కడ నడుం నొప్పి అనకండి, నడుముకే మందిస్తారు. ఉన్నదున్నట్టు చెప్పడానికి నోరు రాకపోతే మీ అత్తగారిని తీసుకెళ్లండి.