నిన్యా లిచా చేతులు

నిన్యా లిచా చేతులు తిరగని దేశం లేదు. నిన్యా లిచా మాత్రం తన ఊరు సుచితోతో విడిచి ఒక్కసారే వెళ్లింది, అదీ కంటి ఆపరేషన్‌కి. కెనడాలో ఏదో పిండి సంచి మీద ఆ చేతులే. జర్మనీలో ఒక వంటల పుస్తకం అట్ట మీద ఆ చేతులే. ఒక మందుల కంపెనీవాళ్లయితే కీళ్లనొప్పుల లేపనం పక్కన వాటిని అచ్చేసుకున్నారు. అది చూసి ముసలావిడ అగ్గిమీద గుగ్గిలమైంది.

"నా కీళ్లకేం రోగమే? రోజూ బుట్టెడు పిండి పిసికే చేతులివి! వాళ్లనొకసారి ఇటు రమ్మను. ఒక్క పూట నా పక్కన నిలబడి పిసకమను. ఎవరి కీళ్లు ముందు ఏడుస్తాయో చూద్దాం!"

ఆ ఊళ్లో పెద్దావిణ్ణి గౌరవంగా పిలవాలంటే పేరు ముందు 'నిన్యా' అంటారు. చర్చి వెనక సందులో నిన్యా లిచా పెనం తెలియనివాళ్లు లేరు. పిండి ముద్దలో చిక్కుళ్లూ చీజూ కూరి, రెండు అరచేతుల మధ్య టపటపా చరిచి కాల్చే పుపూసాలు ఆవిడవి. ఆ చేతుల్ని లోకం మీదికి తోలింది ఆవిడ కూతురు డెల్మి.

డెల్మి ఫోటోలూ వీడియోలూ తీసి ఇంటర్నెట్ అంగట్లో పెట్టి అమ్ముకునేది. ఎవరో అడిగితే తీసేవి కావవి. మనమే తీసి, మనమే దిద్ది, వెతికేవాళ్లకి దొరికేలా పదాలు రాసి పెట్టుకోవాలి. ఎక్కడో ఎవడికో అవసరం పడి కొనుక్కుంటే అందులో సింహభాగం కంపెనీది, తోక మనది. ఎండలో చెరువుగట్టున కూచుని తీసిన కొంగ ఏడాదికి ఒక్కసారి అమ్ముడైతే, వచ్చిన చిల్లరతో ఒక పుపూసా కూడా రాదు. అసలు ముందు కంపెనీ ఒప్పుకోవాలి కదా. మసగ్గా ఉందని ఒకటి, ఇలాంటివి చాలా ఉన్నాయని ఒకటి తిప్పి పంపేవాళ్లు.

"ఎవరే వాళ్లు? అన్నం తినే తిప్పి పంపుతున్నారా?" అనేది తల్లి.

అయినా పొద్దున్నే ఫోన్ తెరిస్తే, ఫిన్లండులో ఎవరో మీ వీడియో కొన్నారని కనిపించినప్పుడు డెల్మికి కాళ్లు నేలమీద ఆగేవి కావు. తన సందు, తన పెనం, తన తల్లి చేతులు ఫిన్లండులో! దానికోసమే కదా పదేళ్లు ఆ పనిని పట్టుకు వేలాడింది.

నిన్యా లిచా ఒక్క షరతు పెట్టింది. "మొహం తియ్యకు. మొహం దేవుడికి చూపించుకోవాల్సింది. చేతులంటావా, ఎవడైనా చూసుకోనీ."

సరే, మొహం లేదు. కానీ నోరు ఊరుకుంటుందా? కెమెరా తిరుగుతున్నంతసేపూ ఆవిడ గొణుగుతూనే ఉండేది. ధరల్ని తిట్టేది, ఫాదరీ ప్రసంగాన్ని వెక్కిరించేది, కూతురు చిక్కిపోయిందని వాపోయేది. డెల్మి విసుక్కుంటూ వీడియోలోంచి శబ్దం తీసేసి అమ్మకానికి పెట్టేది. కొనేవాళ్లకి చేతులు కావాలి, గొణుగుడు కాదు. శబ్దంతో ఉన్న అసలు వీడియోలు మాత్రం ఒక హార్డ్ డిస్కులో దాచేది. ఆ డిస్కుని అడొనాయ్ దుకాణంలో పెట్టింది.

అడొనాయ్ ఎవరో చెప్పాలి. చిన్నప్పుడు డెల్మితో కలిసి మామిడికాయలు దొంగిలించినవాడు. పెద్దయ్యాక చౌకులో ఫోటో దుకాణం పెట్టి, పెళ్లిళ్ల వీడియోలు తీసేవాడు. డెల్మి కూతురు గాబికి బాప్తిస్మంలో తలమీద నీళ్లు పోసినప్పుడు పట్టుకుని నిలబడ్డవాడు. ఆ రోజు నుంచి డెల్మికి అతను కొంపాద్రే, అతనికి డెల్మి కోమాద్రే. అదక్కడ రక్తసంబంధం కంటే గట్టిది. నిన్నటిదాకా 'ఒరే' 'ఒసే' అనుకున్నవాళ్లు మర్నాటి నుంచి 'మీరు' అనుకోవాలి. దెబ్బలాడుకోకూడదు. కొంపాద్రే చేతికిచ్చింది ఎదురుగా విప్పి చూసుకోకూడదు. చూస్తే, నిన్ను నమ్మడం లేదని మొహాన ఉమ్మేసినట్టే.

డెల్మి ఇంటికి వానాకాలం కురవని మూల లేదు. అడొనాయ్ దుకాణానికి సిమెంటు కప్పు, చల్లటి గాలి యంత్రం. "నా దగ్గర పెట్టండి కోమాద్రే, నా ప్రాణం పోయాకే దానికి తడి తగిలేది" అన్నాడతను. తన విద్యంతా డెల్మి అతనికి నేర్పింది. ఏది అమ్ముతుందో, ఏ పదాలు రాయాలో, ఏ దేశంవాళ్లు ఏ నెలలో కొంటారో, అన్నీ. ఈ వ్యాపారంలో ఇలాంటివి తోబుట్టువుకి కూడా చెప్పరు. కొంపాద్రేకి చెప్పకపోతే ఇంకెవరికి చెబుతుంది?

ఒక వానాకాలం మధ్యలో నిన్యా లిచా పోయింది. పొద్దున పెనం ముట్టించి, సాయంత్రానికి లేదు. శవపేటిక మోసినవాళ్లలో ముందున్నది అడొనాయే. వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ ఏడుపు దొంగేడుపని నేననను. అదే కదా నా కడుపుమంట.

ఏడాదిపాటు డెల్మి కెమెరా ముట్టలేదు. తర్వాత ఒకరోజు ధైర్యం చేసి డిస్కు కోసం వెళ్తే అడొనాయ్ తల పట్టుకున్నాడు.

"ఎలా చెప్పను కోమాద్రే... కరెంటు ఒక్కసారిగా ఎగదన్నింది. కాలిపోయింది. మీకు పుండు మీద కారం ఎందుకని ఇన్నాళ్లూ చెప్పలేదు."

డెల్మి నమ్మింది. పైగా అతన్నే ఓదార్చి వచ్చింది. తల్లి ఆఖరి నెలల్లో తీసిన వీడియోలు, శబ్దం తీసేసినవి, ఇంట్లో పాత కంప్యూటరులో కొన్ని మిగిలాయి. వాటినే దిద్ది అమ్మకానికి పెట్టింది. మూడోనాడు కంపెనీ నుంచి జవాబు: ఈ వీడియోలు ఇప్పటికే వేరే ఖాతాదారువి, మీరు దొంగ సరుకు పెట్టారు, మీ ఖాతా మూసేశాం. పదేళ్ల పని, నాలుగువేల పైచిలుకు ఫోటోలు, ఫిన్లండూ కెనడా, అన్నీ ఒక్క వాక్యంతో పోయాయి. నిజంగా మీవైతే అసలు వీడియోలు పంపి నిరూపించుకోండని చివర ఒక ముక్క.

అవి నావేనని డెల్మి వెంటనే ఫిర్యాదు రాసి పంపింది. ఆ 'వేరే ఖాతాదారు' ఎవరో చూద్దామని అంగట్లో వెతికింది. తెరనిండా తల్లి చేతులు. ఒకదాన్ని నొక్కింది. పిండి చరుస్తున్న చప్పుడు వినిపించింది. డెల్మి ఉలిక్కిపడింది. అమ్మకానికి పెట్టే వీడియోలో చప్పుడెక్కడిది? మరుక్షణం గొంతు.

"ఒసేయ్ డెల్మీ, ఆ డబ్బా అవతల పెట్టి ముందు తిను, చల్లారిపోతోం..."

ఆ మాట మీద ఎవతో కంపెనీ పేరు చదివింది. కొనకుండా ఎవరూ వాడుకోకుండా, నమూనా వీడియోల మీద కొన్ని క్షణాలకోసారి అలా పేరు చదివిస్తారు. ఆ ఆడగొంతు కింద తల్లి ఇంకేదో అంటూనే ఉంది, వినపడటం లేదు. డెల్మి మళ్లీ పెట్టింది, మళ్లీ పెట్టింది. ఏడాది తర్వాత అమ్మ తనని తిట్టింది. నిన్యా లిచాకి ఫోన్ లేదు, మొహం తియ్యనివ్వలేదు, ఆవిడ గొంతు లోకంలో ఇంకెక్కడా లేదు. గట్టిగా ఏడ్చింది డెల్మి, ముందు అమ్మ కోసం. కాసేపటికి బుర్ర పనిచేసింది. శబ్దంతో ఉన్న వీడియో ఆ డిస్కులో తప్ప లేదు. డిస్కు కాలిపోలేదు. కంచే చేను మేసింది.

అడొనాయ్ దుకాణంలో ఎవరికో పాస్‌పోర్టు ఫోటో తీస్తున్నాడు. డెల్మి ఆ మనిషి వెళ్లేదాకా ఆగింది. తర్వాత తన ఫోన్ బల్లమీద పెట్టి వీడియో నొక్కింది. నిన్యా లిచా గొంతు దుకాణంలో వినిపించగానే అతను తేలుకుట్టిన దొంగలా అయ్యాడు.

"శబ్దం తియ్యడం మర్చిపోయావు," అంది డెల్మి. "ముందు తియ్యాల్సింది శబ్దమేనని చిలక్కి చెప్పినట్టు చెప్పానా లేదా?"

"'నువ్వు' అంటున్నారా కోమాద్రే..."

"మా అమ్మ చేతులు అమ్ముకు తిన్నవాణ్ణి 'మీరు' అనాలా?"

అతను మూతి తుడుచుకున్నాడు. తలుపు దగ్గరికి వేశాడు. "కూర్చోండి. వినండి. మీరు ఏడాదిపాటు వాటి మొహం చూడలేదు. సరుకు మురిగిపోతోంది. నాకా, ఇప్పుడు పెళ్లిళ్లకి ఎవడూ పిలవడం లేదు, ప్రతివాడి చేతిలో ఫోనే కదా. కొన్ని పెడదాం, డబ్బొచ్చాక కోమాద్రేకి సగం ఇద్దాం అనుకున్నాను. తల్లిమీదొట్టు."

"ఎవరి తల్లి మీద? నీ తల్లి మీదా, నా తల్లి మీదా?"

"మరి కాలిపోయిందని ఎందుకన్నానంటారా... నోరు జారింది. జారాక వెనక్కి తీసుకోలేకపోయాను."

"డిస్కు ఇయ్యి. కంపెనీకి పంపుతాను. నా ఖాతా నాకు కావాలి."

అడొనాయ్ బల్లమీది ఫోన్‌ని ఆమె వైపు జరిపాడు. తర్వాత చిన్నగా, బతిమాలుతున్నట్టే అన్నాడు. "పంపితే నా ఖాతా పోతుంది. ఇప్పుడు నా ఇల్లు గడిచేది దాంతోనే. డిస్కు లేకుండా మీరేమీ నిరూపించలేరు, నేనివ్వకపోతే అదిక ఎవరికీ దొరకదు. ఒకటి చెప్పనా కోమాద్రే? ఖాతా ఇంకోటి తెరుచుకోవచ్చు. అమ్మ గొంతు మళ్లీ తీసుకోలేరు కదా. డిస్కు నిండా ఆవిడ మాటలే. ఫిర్యాదు వద్దని రాసెయ్యండి. డిస్కు మీ చేతిలో పెడతాను. గాబి నెత్తిన నీళ్లు పోసినప్పుడు పట్టుకున్న చేతులివి."

ఎంత ఒడుపుగా ఎక్కడ నొక్కాలో అక్కడ నొక్కాడో చూడండి. ఖాతా అంటే డెల్మికి కూడూ గుడ్డా పేరూ అన్నీ. కానీ అటుపక్క అమ్మ ఉంది. గొణిగే అమ్మ, ధరల్ని తిట్టే అమ్మ, గంటలు గంటలు. డెల్మి అక్కడే, అతని ఎదురుగానే, ఫోన్‌లో రాసింది. ఈ వీడియోలు అడొనాయ్ మెన్హివార్‌వి, పొరపాటు నాది, ఫిర్యాదు ఉపసంహరించుకుంటున్నాను. పంపించింది. తను దొంగనని తన వేలితోనే ఒప్పుకుంది.

అతను లోపల్నుంచి డిస్కు తెచ్చి, గుడ్డతో తుడిచి రెండు చేతులా ఇచ్చాడు. బల్ల మీద కంప్యూటరు తెరిచే ఉంది. తగిలించి చూడటానికి నిమిషం పట్టదు. డెల్మి చూడలేదు. ఇంత జరిగాక కూడా, కొంపాద్రే చేతికిచ్చిన దాన్ని అతని కళ్లముందు విప్పడానికి ఆమెకి చేయి రాలేదు. మన పద్ధతులు మనల్ని ఎక్కడ ముంచాలో అక్కడే ముంచుతాయి.

ఇంటికొచ్చి, స్నానం చేసి, గాబిని పక్కన కూచోబెట్టుకుని డిస్కు తెరిచింది. చేతులు కనిపించాయి. చప్పుడు లేదు. ఇంకోటి తెరిచింది. చప్పుడు లేదు. సాయంత్రందాకా ఒక్కొక్కటే తెరుస్తూ పోయింది. అమ్మ చేతులు పిండి చరుస్తున్నాయి, చీజు కూరుతున్నాయి, పెనం మీద తిప్పుతున్నాయి, ఒక్కదానికీ గొంతు లేదు. అమ్మకానికి సిద్ధం చేస్తూ అతను ఒక్కోదానికీ శబ్దం తీసేసి, పాతదాని మీదే దాచాడు, చోటు కలిసొస్తుందని. కోమాద్రే నేర్పిన పాఠాన్ని అంత శ్రద్ధగా పాటించాడు. శబ్దం తియ్యకముందే అంగట్లో పెట్టేసిన ఆ ఒక్కటే ఎలాగో తప్పించుకుంది. డిస్కు ఇచ్చేటప్పుడు అతనికీ సంగతి తెలుసు. తెలిసే ఇచ్చాడు.

"అమ్మమ్మ ఎందుకు మాట్లాడటం లేదు?" అంది గాబి. డెల్మి ఇంకోటి తెరిచింది.

అడొనాయ్‌కి ఫోన్ చేసి తిట్టలేదు. తిట్టి ఏం లాభం? మర్నాడు పొద్దున్నే గాబి పేరుతో అంగట్లో కొనేవాళ్ల ఖాతా తెరిచి, ఆ ఒక్క వీడియోనీ డబ్బిచ్చి కొంది. కంపెనీ గొంతు లేకుండా అమ్మ గొంతు ఒక్కటే వినపడింది, పక్కనే ఉన్నంత స్పష్టంగా.

"ఒసేయ్ డెల్మీ, ఆ డబ్బా అవతల పెట్టి ముందు తిను, చల్లారిపోతోంది. అడొనాయ్‌కి కూడా రెండు తీసిపెట్టు. పొద్దుట్నుంచి ఏమీ తిన్నట్టు లేడు పిల్లాడు. చీజువి పెట్టు, వాడికవే ఇష్టం."

డెల్మి ఇంకా అలాగే కూచుని ఉండగా ఫోన్ మోగింది. అడొనాయ్.

"కోమాద్రే! మీకే ముందు చెబుదామని చేశాను. ఇప్పుడే ఒకటి అమ్ముడైంది, అమ్మ చేతులది. ఏం జరిగినా సగం సగమే, నేను మాట తప్పే మనిషిని కాదు. చూశారా, అమ్మ పోయి కూడా మనిద్దరికీ తిండి పెడుతోంది!"

డెల్మి ఫోన్ని కంప్యూటరు పక్కన పెట్టి వీడియో మొదట్నుంచి వేసింది. చీజువి పెట్టు, వాడికవే ఇష్టం అన్నదాకా వినిపించింది. అవతల అతను "కోమాద్రే..." అని ఆగిపోయి, పెట్టేశాడు.

ఆ రోజంతా డెల్మి ఎదురుచూసింది. వస్తాడని, గుమ్మంలో నిలబడి ఏడుస్తాడని, కనీసం ఆ వీడియోనైనా అంగట్లోంచి తీసేస్తాడని. ఎవరూ రాలేదు. మర్నాడు అంగడి తెరిచి చూసింది. వీడియో అక్కడే ఉంది, అదే ధరకి. నొక్కింది. అమ్మ చేతులు పిండి చరుస్తున్నాయి. అతను శబ్దం తీసేశాడు.