ఇద్దరు సత్తిబాబులు, ఒకే ఫైలు

2003లో నేను అమలాపురంలోని ఒక కంప్యూటర్ సెంటర్‌లో ప్రోగ్రామర్‌ని. బోర్డు మీద ‘సాఫ్ట్‌వేర్ డెవలప్‌మెంట్’ అని ఉండేది గాని, పగలంతా టైపింగు నేర్పడం, గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు ఇంటివాళ్ల తరఫున మెయిలు కొట్టిపెట్టడం, ఇవే మా పనులు. యజమాని ప్రసాదరావు గారు నేను చేరిన రోజున నన్ను అందరికీ ‘మా ఇంజినీరు గారు’ అని పరిచయం చేశారు. నెల తిరక్కుండానే ‘మా కుర్రోడు’ అయ్యాను. ఆ తేడా నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

సెంటర్‌కి జనాన్ని రప్పించడానికి ఒక ఆట రాయమన్నారు. బొమ్మలు లేని ఆట, అన్నీ మాటలే. తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చెయ్యాలి. ‘ఉత్తరానికి వెళ్లు’ అంటే వెళతాం, ఎదురుగా ఏముందో తెర మీద వాక్యాల్లో కనిపిస్తుంది. అదే సమయంలో లోపల ఉన్న మిగతావాళ్లతో మాట్లాడొచ్చు. మా గోదావరి పాయల మధ్య ఉండే లంకల్ని తలుచుకుని దానికి ‘లంక’ అని పేరు పెట్టాను. చేరిన ప్రతివాళ్లకూ లంకలో కొంత జాగా ఇస్తాం. అందులో ఇల్లు ఎలా ఉంటుందో వాళ్లే రాసుకోవాలి. హైదరాబాదులో అద్దెకు తీసుకున్న సర్వర్ మీద నడిచేది కాబట్టి ఇక్కడినుంచైనా, కువైట్ నుంచైనా ఒకే లంకలోకి రావచ్చు.

ఆటగాళ్లు రాసినదంతా ఎక్కడ, ఎలా దాచాలన్నదాని దగ్గర మాకు పేచీ వచ్చింది. నేను డేటాబేస్ అన్నాను. అంటే పట్టికల్లో భద్రపరిచే పద్ధతి. ఒక్కొక్కరికి ఒక నంబరు ఇస్తాం, దాన్ని ప్రైమరీ కీ అంటారు. పేర్లు కలిసినా ఆ నంబరు కలవదు. ఇంకో పట్టికలో పాత రాతలు కూడా ఉంచుదామన్నాను. ప్రసాదరావు గారు మనిషికో టెక్స్ట్ ఫైలు చాలన్నారు. ఆటగాడి పేరే ఫైలు పేరు. మార్చి రాస్తే పాతది చెరిగి కొత్తది ఉంటుంది. డేటాబేస్‌కి సర్వర్‌వాళ్లు వేరే అద్దె అడుగుతారని ఆయన అన్న మాట నిజమే. కానీ ఆయన అక్కడితో ఆగలేదు. క్లాసు నిండా పిల్లలుండగా, “అమలాపురానికి రైలే లేదు, నీకు డేటాబేస్ కావాలా?” అన్నారు. అందరూ నవ్వారు.

“పేర్లు కలుస్తాయండీ,” అన్నాను.

“కలిస్తే ఇంటిపేరు రాయి, ఊరి పేరు రాయి. మనుషులకి నంబర్లేటయ్యా, ఇదేమన్నా రేషను డిపోనా?”

ఇంటిపేరు, పేరు, ఊరు కలిపి ఫైలు పేరుగా పెట్టాను. మనసొప్పకుండా చేసిన పని అది. ఆ సంగతి ఆయనతో చెప్పే చేశాను.

లంకకి మొదట్లో వచ్చినవాళ్లలో వీర వెంకట సత్యనారాయణ గారు ఒకరు. అల్లవరం మనిషి. మా సెంటర్‌లోనే కంప్యూటర్ నేర్చుకుని కువైట్‌లో ఒక కంపెనీ స్టోర్లో పనికి కుదిరారు. అక్కడ భోజనం వేళ కంప్యూటర్ ముందు కూర్చునేవారు. లంకలో తన జాగాలో ఆయన రాసుకున్నది, తిరిగొచ్చాక అల్లవరంలో కట్టబోయే ఇల్లు. వంటగది కిటికీ ఎటు తియ్యాలి, కుట్టుమిషను ఏ గోడకి వెయ్యాలి, రొయ్యల చెరువు నుంచి వచ్చినవాళ్లు కాళ్లు కడుక్కునే గట్టు ఎక్కడ ఉండాలి, అన్నీ గదిగదికీ రాశారు. భార్య వెంకటలక్ష్మి గారు అమలాపురం పనిమీద వచ్చినప్పుడల్లా సెంటర్‌కి వచ్చి, ఆ ఇంట్లో తిరిగి వెళ్లేవారు. ఆవిడకి టైపింగు రాదు. నేను పక్కన కూర్చుని ‘వంటగదిలోకి వెళ్లు’ అని కొట్టేవాడిని, ఆవిడ తెర మీదిది కూడబలుక్కుని చదువుకునేవారు.

“కిటికీ పడమటికి పెట్టేరేటండీ ఈయన! సాయంత్రం ఎండంతా నా మొహానే కొడతది. మార్చమని రాయండి బాబూ,” అన్నారు ఒకసారి. రాశాను. తర్వాతిసారి కిటికీ తూర్పున ఉంది. ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు.

తర్వాత ఆయన్ని కంప్యూటర్ లేని వేరే సైటుకి, అంటే కంపెనీ పని జరిగే ఇంకో చోటికి, మార్చారు. ఆవిడా రావడం మానేశారు.

ఈ ఖాళీలోనే ఇంకో సత్యనారాయణ వచ్చాడు. వాళ్ల కుటుంబంలో అన్నదమ్ములంతా పెద్దకొడుక్కి తాత పేరే పెట్టుకున్నారు. అందువల్ల పెదనాన్న కొడుకు, చిన్నాన్న కొడుకు ఇద్దరూ వీర వెంకట సత్యనారాయణలే. ఇంటిపేరూ ఒకటే, ఊరూ ఒకటే. ఇంట్లోవాళ్లకి ఇబ్బంది లేదు, కువైట్‌లో ఉన్నాయన పెద్ద సత్తిబాబు, ఈ వచ్చినతను చిన్న సత్తిబాబు. కంప్యూటర్‌కి మాత్రం ఇద్దరూ ఒక్కడే. కౌంటర్లో అమ్మాయి చిన్న సత్తిబాబు పేరు కొట్టగానే ఆ పేరున ఫైలుందని వచ్చింది. పాస్‌వర్డ్ మరిచిపోయాడనుకుంది. ఇంటిపేరు అడిగింది, ఊరు అడిగింది, రెండూ సరిపోయాయి. కొత్త పాస్‌వర్డ్ ఇచ్చింది. ఆ అమ్మాయి తప్పేమీ లేదు. అతను లోపలికి వెళ్లి చూస్తే ఇల్లు సిద్ధంగా ఉంది. అది చెరిపేసి, రెండంతస్తుల మేడా, ముందు కారూ రాసుకున్నాడు.

పెద్ద సత్తిబాబు గారు కువైట్‌లో ఆ సైటులోనే గుండె ఆగి పోయారు. కర్మకాండలు అయ్యాక వెంకటలక్ష్మి గారు సెంటర్‌కి వచ్చారు. వెంట తోడుగా వచ్చింది చిన్న సత్తిబాబే.

“ఆ ఇల్లు ఒక్కసారి చూపించండి. కాయితం మీద తీసిస్తే అట్టుకెళ్తానండి,” అన్నారావిడ.

తెరిచాను. మేడ వచ్చింది, కారు వచ్చింది. పొరపాటున వేరేది తెరిచానేమోనని మళ్లీ తెరిచాను. చిన్న సత్తిబాబు నా భుజం మీంచి చూసి, “అది నాదండీ,” అన్నాడు. ఆ మాట అన్నాక అతని ముఖం పాలిపోయింది.

“మీరు నమూనాకి పెట్టిన ఇల్లనుకున్నానండీ... వదినా, నాకు తెలీదే. అన్నయ్యదని నాకు తెలీదు.”

సర్వర్‌వాళ్లకి ఫోను చేశాను. వాళ్ల దగ్గర కొద్దిరోజుల పాత కాపీలే ఉంటాయట. వాటిలోనూ మేడే ఉంది. ఈలోగా ప్రసాదరావు గారు గదిలోంచి వచ్చారు. సంగతి విని, ఆవిడతో మెత్తగా, “ఆటేనమ్మా, పోయిందేటీ లేదు. ప్రోగ్రాం రాసింది ఇతనే, ఏదోటి చేస్తాడులే,” అన్నారు. రాసింది నేనే. ఎలా రాయమన్నది ఎవరో అప్పుడక్కడ ఉన్నవాళ్లలో నాకూ ఆయనకూ మాత్రమే తెలుసు. ఆయన నా కళ్లలోకి చూడలేదు. నేను నోరు తెరిచేవాణ్ణే గాని, ఎదురుగా ఆవిడ కూర్చుని ఉన్నారు.

చిన్న సత్తిబాబు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “చెరిపే ముందు అంతా చదివేను వదినా. కొంత గుర్తుంది. అరుగు పక్కన ఏదో గట్టు... వంటగదిలో కిటికీ... ఉండు, కొడతాను.”

“వద్దు సత్తిబాబూ.”

“అది కాదు వదినా, కొంచెమైనా వస్తాది కదా.”

“నువ్వు కొడితే అది నీకు గుర్తున్న ఇల్లవుద్ది. రేపట్నించి నాకూ అదే గుర్తుంటది. ఆయన రాసింది పోద్ది. ఇప్పుడు నాకు అంతో ఇంతో గుర్తుంది. అదుండనియ్యి,” అన్నారు.

కీబోర్డు మీంచి అతను చేతులు తీసేశాడు. ఆవిడ లేచి, ఆ స్థితిలోనూ నాకు నమస్కారం పెట్టి, “ఎల్లొస్తానండి,” అన్నారు. మళ్లీ సెంటర్‌కి రాలేదు. ఆ నెలాఖరున నేనూ మానేశాను. ప్రసాదరావు గారు వెళ్లొద్దని అనలేదు, జరిగినదాంట్లో తన తప్పూ ఉందనీ అనలేదు. తర్వాత కొత్తపేటలో ఒక పెళ్లి భోజనాల దగ్గర కనబడి, “మా దగ్గర నేర్చుకున్నవాడే,” అని పక్కవాళ్లకి చూపించారు. నేను లేచి వేరే బంతిలో కూర్చున్నాను.

డేటా ఎలా దాచాలని అడిగేవాళ్లు డిస్కు ఎంత పడుతుంది, ఎంత వేగంగా వస్తుంది అని అడుగుతారు. నేను ముందు వేరేది అడగడం ఈ సంఘటనతోనే నేర్చుకున్నాను. ఇది చెరిగిపోతే ఎవరు వచ్చి అడుగుతారు? అలా అడిగే మనిషి ఒక్కరున్నా, పాతదాని మీద కొత్తది రాయకూడదు, పక్కన రాయాలి. ఆ తర్వాత బియ్యం మిల్లుకి ప్రోగ్రాం రాసినా, స్కూలుకి రాసినా, ప్రతి మనిషికీ వేరే నంబరిచ్చాను, చెరిపినదాన్ని కూడా ఉంచాను. చోటు దండగని గొణిగినవాళ్లకి ఈ కథ చెబుతాను. విన్నాక కూడా ఇంత చిన్నదానికా అన్నవాళ్లున్నారు. వాళ్లకి నేను మళ్లీ పని చెయ్యలేదు.