రెండు తలల ఎద్దు, నా మొదటి స్టిక్కరు

ఆ రోజుల్లో నాకు రానిదంటూ ఏదీ లేదని నా గట్టి నమ్మకం. డిగ్రీ అయిపోయి, నల్లపాడులో మా బాబాయి స్టిక్కర్ల షాపులో కంప్యూటర్ ముందు కూర్చున్న కొత్తలోనే, పందెపు ఎడ్ల ఆసామి ఒకాయన ఫొటో పట్టుకొచ్చాడు. సాయంత్రం బండలాగుడు పోటీ. ఎడ్ల జత బయట వ్యాన్‌లో నిలబడి ఉంది. ఆ వ్యాన్‌కి ఆ జత బొమ్మే అతికించాలి. బాబాయి ఊళ్లో లేడు. (ఉంటే ఈ కథే లేదు.)

కంప్యూటర్లో ఫొటో మీద గీతలు గీసి రెండు ఎడ్లనూ విడివిడి బొమ్మలు చేశాను. ఒకదాని మీద ఒకటి పడ్డచోట ఏం చెయ్యాలో తోచక 'వెల్డ్' నొక్కాను. రెండూ కలిసిపోయి, రెండు తలలతో, బోలెడు కాళ్లతో ఒకే ఎద్దు తేలింది. "ఇదేం జంతువమ్మా?" అన్నాడు ఆసామి. గాభరాగా అది రద్దు చేసి 'ట్రిమ్' నొక్కాను. ఈసారి ముందున్న ఎద్దు వెనకదాన్ని కోసేసింది. దానికి మిగిలింది తల, మూపురం, తోక.

"నా దాపటోణ్ణి కోసేశావేంటమ్మా! పందేనికి పోతా ఇట్టాంటి బొమ్మ పెట్టుకుంటారా ఎవరన్నా?" (కాడికి ఎడమవైపు కట్టేది దాపటి ఎద్దని నాకు అప్పుడే తెలిసింది.) ఆయన స్క్రీన్ మీద తెగిన ఎద్దుని వేలితో తడిమి చూశాడు. నాకూ భయమేసింది కానీ పొగరు ఊరుకోనిస్తుందా? "ముందుది అడ్డమొస్తే వెనకది కనపడదండీ, అంతే" అన్నాను. రుజువు చేద్దామని ఆయన్ని వ్యాన్ కుడిపక్కకి తీసుకెళ్లాను కూడా. అక్కడ దాపటిది అచ్చం నా బొమ్మలోలాగే తల, మూపురం, తోక. "చూశారా, నే చెప్పిందేగా!"

ఆయన వ్యాన్ చుట్టూ తిరిగి అటువైపు నుంచి పిలిచాడు. "ఇటొచ్చి చూడు. ఇటైతే వాడే ముందు. అందుకే మేత పెట్టినా, నిమిరినా రెండుపక్కలా తిరుగుతా నేను. లేకపోతే అలుగుతారు."

లోపలికెళ్లి రెండు బొమ్మలు చేశాను. కుడివైపు అతికించేదాంట్లో కుడి ఎద్దు ముందు, ఎడమవైపుదాంట్లో దాపటిది ముందు. రెంటి మధ్యా సన్నటి సందు వదిలితే, స్టిక్కరుది ఒకే రంగైనా దేని రూపం దానికొచ్చింది. అతికించాక ఆయన అటూ ఇటూ తిరిగి చూసుకుని, ఎడ్లకి కూడా ఏదో చెప్పి బయల్దేరాడు.

మర్నాడు ఆయన ఫోనొస్తే తిట్లకి సిద్ధపడ్డాను. "ప్రైజు రాలేదు గానీ, మావాళ్లిద్దరూ బొమ్మలో బ్రహ్మాండంగా ఉన్నారంట. ఎవరు చేశారని అందరూ అడుగుతున్నారమ్మా" అన్నాడు. ఫోన్ పెట్టేసి ఏడ్చాను, ఎందుకో మరి.

ఇప్పుడు మంగళగిరిలో ఒక డిజైన్ ఆఫీసులో కొత్తవాళ్లకి నేనే పాఠాలు చెబుతున్నాను. ట్రిమ్ దగ్గరికొచ్చేసరికి, "కోసేముందు దాన్ని అటువైపు నుంచి ఓసారి చూడండి" అనేస్తాను. పాపం, బుద్ధిగా తలలూపుతారు. స్క్రీన్‌కి అటువైపేముంటుందని మొన్న ఒకమ్మాయి అడిగింది. తెలియదన్నాను. ఆ వయసులోనైతే ఏదో ఒకటి కచ్చితంగా చెప్పేదాన్ని.