ఓడ కదిలాక ఏమైంది

హుద్‌హుద్ తుపాను వచ్చిన మరుసటి ఏడాది వేసవిలో గాజువాక దగ్గర ఆటోనగర్‌లో రోలర్లు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో మార్కెటింగ్ మేనేజరుగా చేరాను. హోదా విని పెద్దగా ఊహించుకోవద్దు. ఆ విభాగంలో నేను ఒక్కదాన్నే. టెండర్లు వెతకడం, కాగితాలు నింపడం, కొనేవాళ్ళ ముందు నిలబడి మా సరుకు గురించి చెప్పడం, చెప్పాక ఫోన్లు చేసి వాళ్ళను విసిగించడం, అన్నీ నా పనులే. రిటైరయ్యేవరకు అక్కడే ఉన్నాను. కొనేవాళ్ళ ముందు మాట్లాడడం గురించి కొత్తవాళ్ళు అడిగినప్పుడల్లా నాకు మొదట గుర్తొచ్చేది ఆ వేసవే.

రోలరు అంటే ఏమిటో ముందు చెప్పాలి. ఓడలోంచి దింపిన బొగ్గు రేవు నుంచి యార్డుకు రబ్బరు బెల్టు మీద పోతుంది. ఆ బెల్టు కింద పొడవునా తిరిగే ఇనుప గొట్టాలే రోలర్లు. ఒక్కొక్కదానికి రెండు చివర్లా బేరింగులు, వాటిలోకి నీరూ దుమ్మూ పోకుండా సీళ్ళు. మా ఊళ్ళో ఉప్పుగాలి, బొగ్గుపొడి, వాన మూడూ కలిసి ఆ సీళ్ళ మీదే పగబడతాయి. సీలు ఓడిపోతే బేరింగు బిగుసుకుని రోలరు ఆగిపోతుంది. బెల్టు మాత్రం దాని మీద రాసుకుంటూ పోతూనే ఉంటుంది. అలా అరిగిన రోలరు చివరికి కత్తిలా తయారై బెల్టునే కోసేస్తుంది. బెల్టు తెగితే రేవులో ఓడ నిలబడిపోతుంది.

మా యజమాని అప్పలనాయుడు గారిది చోడవరం దగ్గర చెరకు పండించే కుటుంబం. లేత్ పని నేర్చుకుని, సొంతంగా షెడ్డు వేసుకున్నారు. మంచి మనిషి, కోపిష్టి, మాటకారి. నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రం టీ వేళ ఆయన చెప్పే కబుర్లు వినడానికి పక్క షెడ్లవాళ్ళు కూడా వచ్చి నిలబడేవారు. అదే మనిషిని కోటు వేసుకున్నవాళ్ళ ముందు కూర్చోబెడితే ‘రెస్పెక్టెడ్ సర్’ అని మొదలుపెట్టి అక్కడే కూలబడిపోయేవారు.

నేను చేరేనాటికి కంపెనీ పరిస్థితి బాగాలేదు. ఏళ్ళ తరబడి మా దగ్గర కొన్న పెద్ద ఖాతాదారు వేరేచోట కొనడం మొదలుపెట్టారు. పోర్టులో బొగ్గు దింపే ఒక ప్రైవేటు కంపెనీ కొత్త టెండరు పిలిచింది. అది రాకపోతే రెండో షిఫ్టు ఎత్తేయాలి. ఆ షిఫ్టుకు ఫోర్‌మన్ అప్పలనాయుడు గారి చెల్లెలి భర్త సింహాచలం. పొలం పని వదిలి, పిల్లల్ని ఇక్కడి బడిలో వేసి, బావను నమ్ముకుని వచ్చిన మనిషి. ఆయన కింద పనిచేసేవాళ్ళంతా ఆ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే. “ఈ ఆర్డరు పోతే నాను మా సెల్లికి మొకం సూపించలేను మేడం,” అని నాయుడు గారు నాతో ఒకసారి అన్నారు. మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఇలాంటి టెండరులో రెండు కవర్లు ఉంటాయి. మొదటిది టెక్నికల్, రెండోది ధరది. మొదటి కవరులో నెగ్గినవాళ్ళదే రెండోది విప్పుతారు. ఆ నెగ్గడానికి కమిటీ ముందు ప్రెజెంటేషన్ ఇవ్వాలి. కంపెనీకి ఇద్దరికే ప్రవేశం, అందులో ఒకరు యజమానే అయి ఉండాలి. మిగతా పోటీదార్లకు మాకన్నా పెద్ద షెడ్లు, మెరిసే బ్రోషర్లు ఉన్నాయి. మాకున్నది నాయుడు గారి నోరు ఒక్కటే. అందుకే ఆయన చేత కథ చెప్పించాలని నిర్ణయించాను.

కథ మా దగ్గర ఉంది. ఒక వానాకాలం వేరే రేవులో ఎవరిదో రోలరు బిగుసుకుని బెల్టు ఆగిపోతే, నాయుడు గారు తడుస్తూ స్కూటరు మీద వెళ్ళి, తన రోలర్లు తెప్పించి బిగించి ఓడను పంపించిన కథ. నేను చర్చి ప్రసంగాలు వింటూ పెరిగినదాన్ని. మంచి ప్రసంగానికి మూడు పాయింట్లు, ఒక ముగింపు ఉండాలని నాకు చిన్నప్పుడే ఎక్కింది. కథను అలాగే కోశాను. బెల్టు ఆగింది, మేం వెళ్ళాం, ఓడ కదిలింది. ఆ తర్వాత థాంక్యూ స్లైడు. కథ కంచికి, మనం ఇంటికి.

రిహార్సల్ పెడితే నాయుడు గారు రెండు వాక్యాలకే ఆగిపోయారు. ఎందుకని అడిగితే, “ఊఁ కొట్టీవోడు లేకపోతే కత ఎలగ నడుస్తాది మేడం?” అన్నారు. అది నిజమే. మా ఇళ్ళలో కథ చెప్పేవాళ్ళు ఎంత ముఖ్యమో ఊఁ కొట్టేవాళ్ళూ అంతే ముఖ్యం. ఊఁ ఆగిందంటే పిల్లవాడు నిద్రపోయినట్టు, కథ ఆపేయాలన్నట్టు. ఆ అలవాటు ఈయనకు యాభై దాటినా పోలేదు. కంప్యూటరు వైపు చూస్తూ కథ చెప్పమంటే ఎలా చెప్తారు?

సింహాచలాన్ని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టాను. ఆయన ఊఁ అనడం మొదలుపెట్టగానే నాయుడు గారి గొంతు విచ్చుకుంది. వాన వచ్చింది, గాలి వచ్చింది, స్కూటరు బురదలో దిగబడింది. బురద ఎక్కడిది, అక్కడ తారు రోడ్డు కదా అని అడిగాను. “కతకి కాళ్ళు లేవు, ముంతకి సెవులు లేవు. వదిలెయ్యండి మేడం,” అన్నాడు సింహాచలం. ఈ కథకు కాళ్ళు ఉండాలనీ, కమిటీ వాటినే పట్టుకుని లాగుతుందనీ చెప్పి బురద తీయించాను. నాయుడు గారు ఆ బురద కోసం చాలాసేపు బాధపడ్డారు.

ఒక్క చిక్కు మిగిలింది. ఓడ కదిలిన తర్వాత కూడా సింహాచలం ఊఁ అంటే ఈయన ఆగేవారు కాదు. అందుకని నేను పెన్ను కింద పెట్టగానే ఊఁ ఆపేయాలని సింహాచలంతో ఒప్పందం చేసుకున్నాను. పెన్ను పెట్టడం, ఊఁ ఆగడం, కథ ఆగడం. మూడూ ఒకేసారి జరిగేదాకా సాధన చేయించాను. కమిటీ గదిలో సింహాచలం ఉండడు కాబట్టి, అప్పటికి ఊఁ లేకుండానే కథ నడుస్తుందనీ, పెన్ను చూసి ఆగుతారనీ నా ఆశ.

ప్రెజెంటేషన్ రోజు మమ్మల్ని లోపలికి పిలిచారు. బల్లకు అవతల చీఫ్ ఇంజనీరు, కర్నూలు వైపు మనిషి, మాట పొదుపు. ఆయన పక్కన కొనుగోళ్ళ అధికారి. చివర్న, రిటైర్మెంటుకు దగ్గరపడిన ఫైనాన్సు అధికారి, పార్వతీపురం ఆయన. అంతవరకు విన్న ప్రెజెంటేషన్లతో ఆయన కళ్ళు సగం మూతపడి ఉన్నాయి. నేను కంపెనీ వివరాలు చెప్పి కూర్చున్నాను. నాయుడు గారు లేచి తెలుగులోనే మొదలుపెట్టారు. రెండు వాక్యాలయ్యాక ఊఁ వినిపించక ఆగిపోయారు. ఆయన నా వైపు చూశారు.

అప్పుడు బల్ల చివర్నుంచి వినిపించింది. “ఊఁ.”

ఫైనాన్సు అధికారి గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ముందుకు వంగారు. నాయుడు గారు ఆయన వైపు తిరిగిపోయారు. ఇక గదిలో వాళ్ళిద్దరే ఉన్నట్టు కథ నడిచింది. బెల్టు ఆగింది, ఊఁ. వాన కురిసింది, ఊఁ. రోలర్లు బిగించారు, ఊఁ. ఓడ కదిలింది. నేను పెన్ను కింద పెట్టాను. తెర మీద థాంక్యూ వచ్చింది.

“ఊఁ,” అన్నారు ఫైనాన్సు అధికారి.

ఆయనతో నాకు ఒప్పందం లేదు. నాయుడు గారు ఊపిరి పీల్చుకుని, “తరవాతేటయిందంటే బాబూ, ఆ వానలు తగ్గకముందే నాను బిగించిన రోలరే ఆగిపోనాది,” అన్నారు.

బల్ల కింద ఆయన కాలు తొక్కాను. లాభం లేకపోయింది. కొరివితో తల గోక్కోవడం అంటే ఏమిటో ఆ రోజు కళ్ళారా చూశాను. చీఫ్ ఇంజనీరు మొదటిసారి తల ఎత్తి, ఎందుకు ఆగిందని అడిగారు. నాయుడు గారు చెప్పుకుంటూ పోయారు. ఆ రోలరును ఊడదీసి ఆటోలో పక్కన పెట్టుకుని షెడ్డుకు తెచ్చారు. కోసి చూస్తే లోపల నీరు, గ్రీజు మజ్జిగలా తెల్లగా విరిగిపోయి ఉంది. రోలర్లను అంతవరకు పొడిగానే తిప్పి చూసి పంపేవారు. “మన సరుకు బతికీది వానలో. మనం పరీచ్చ సేసింది ఎండలో,” అన్నారు. ఆ వరసలో తాను బిగించిన రోలర్లన్నీ తీసి సీళ్ళు మార్చారు. తర్వాత ఊరి నుంచి గేదెల కుడితి తొట్టి ఒకటి లారీలో తెప్పించి, నీళ్ళు నింపి, ప్రతి విడతలోనూ రోలర్లను సగం ముంచి తిప్పడం మొదలుపెట్టారు. తిప్పినవాటిలో ఒకదాన్ని కోసి లోపల తడి ఉందేమో చూస్తారు. తడి కనిపిస్తే ఆ విడత బయటికి వెళ్ళదు.

ఆ తొట్టి షెడ్డు వెనకాల ఇప్పటికీ ఉంది. ఫోటోలో బాగుండదని నేను స్లైడ్లలో వేయలేదు.

మేం బయటికి వచ్చి కారెక్కాం. కాన్వెంట్ జంక్షన్ దాటాక నాయుడు గారే నెమ్మదిగా, “ఆయన ఊఁ అన్నాడు మేడం. నానేటి సెయ్యను?” అన్నారు. నాకు కోపం, ఏడుపు, నవ్వు మూడూ వచ్చాయి. చివరికి నవ్వే మిగిలింది. షెడ్డు గేటు దగ్గర సింహాచలం నిలబడి ఉన్నాడు. “ఓడ కదిలిందా బావా?” అని అడిగాడు. “కదిలింది. కతే ఆగలేదు,” అని నాయుడు గారు లోపలికి వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం టీకి కబుర్లు లేవు.

కొద్ది రోజులకు చీఫ్ ఇంజనీరు చెప్పకుండా షెడ్డుకు వచ్చారు. మెషీన్లు చూపిస్తానంటే వద్దని తొట్టి ఎక్కడుందని అడిగారు. చొక్కా చేతులు మడిచి, రోలరును తానే నీళ్ళలో పెట్టించి తిప్పించి, కోయించి లోపల వేలు పెట్టి చూశారు. వేలికి తడి అంటలేదు. వెళ్ళేముందు, వచ్చిన కంపెనీలన్నీ తమ రోలరు ఆగదనే చెప్పాయనీ, ఆగితే ఏం చేస్తారో చెప్పింది మేమొక్కరమేననీ అన్నారు. టెక్నికల్‌లో నెగ్గాం. ధరలోనూ నిలిచాం. ముందు ఒక్క బెల్టుకే ట్రయల్ ఆర్డరు ఇచ్చారు. వానాకాలమంతా ఆ రోలర్లు తిరిగాక మిగతాది వచ్చింది. రెండో షిఫ్టు ఆగలేదు. సింహాచలం రిటైరయ్యేవరకు దానికి ఫోర్‌మనే.

తర్వాతెప్పుడో సింహాచలం గుడికి వెళ్ళే కొండ మెట్ల దగ్గర ఆ ఫైనాన్సు అధికారి కనిపించారు. మా యింటికి వచ్చిన చుట్టాలను గుడికి తీసుకొచ్చి, కింద వాళ్ళ కోసం నిలబడి ఉన్నాను. ఆయన ఊఁ వల్లే మాకు ఆర్డరు వచ్చిందని చెప్పాను. ఆయన వింతగా చూసి, “నానా? ఊఁ కొట్టినానా?” అన్నారు. ఆయనకు అసలు గుర్తే లేదు. కథ మాత్రం ఆగిపోయిన రోలరుతో సహా గుర్తుంది.

కొనేవాళ్ళకు కథ చెప్పేటప్పుడు ఎక్కడ ఆపాలో మనం ముందే తేల్చుకుంటాం, మనకు బాగున్నచోట. వినేవాళ్ళకు కావలసింది సాధారణంగా ఆ తర్వాత ఉంటుంది. ఆ ఏడాది నుంచి నా ప్రెజెంటేషన్లలో ఓడ కదిలిన ఫోటో పక్కన కుడితి తొట్టి ఫోటో కూడా పెట్టాను. థాంక్యూ స్లైడు తీసేశాను. అది చూస్తే ఊఁ కొట్టేవాళ్ళు ఆగిపోతారు.