వెండర్ చిన్నమణి

చిన్నమణి గురించి చెప్పాలంటే ముందు నన్ను నేను తిట్టుకోవాలి. ఆమెను కంప్యూటర్‌లోకి తప్పుగా ఎక్కించింది నేనే.

గుడియాత్తంలో రంగప్పగారి లుంగీల కంపెనీలో నేను గుమాస్తాని. చిన్నమణి ఇరవై ఆరేళ్లుగా మా కంపెనీకే నేస్తోంది. నూలు మేమే ఇస్తాం, రంగులు మేమే చెబుతాం. మగ్గం మాత్రం ఆమె ఇంట్లో ఉంటుంది. ఒక్క పోగు తప్పినా నేసినదంతా విప్పి మళ్లీ నేసే మొండిఘటం.

పోయినేడు వేలూరు నుంచి పూర్ణచంద్ర అనే అతను సాఫ్ట్‌వేర్ తెచ్చాడు. అందులో డేటా మోడల్ రెడీమేడ్ అన్నాడు. ఏ వ్యాపారంలోనైనా ఉండేది పనివాళ్లు, సరకు అమ్మేవాళ్లు, కొనేవాళ్లు, సరకు, అంతేనట. ఒకసారి గీసిన పట్టికలు బిస్కెట్ల కంపెనీకైనా బస్సుల కంపెనీకైనా సరిపోతాయట. మన నూలు తీసుకుని ఇంట్లో నేసేవాళ్లను ఎందులో వేయాలని అడిగాను. సొంత మగ్గం ఉంది కాబట్టి వెండర్, అంటే సరకు అమ్మే పార్టీ, అన్నాడు. నేను నోరు మూసుకుని ఆ బటన్ నొక్కాను. ఆ వేలు విరగ్గొట్టుకున్నా పాపం లేదు. ఎవరికెంత నూలిచ్చామో రాసుకున్న పాత నోటుపుస్తకాలు కూడా అతని మాట విని చిత్తుకాగితాలవాడికి వేసేశాం.

మొన్న జూన్‌లో చిన్నమణికి కుడి భుజం పట్టేసింది. చెయ్యి పైకి లేవదు, ఆపరేషన్ చేయాలన్నారు. కంపెనీ పనివాళ్లకిచ్చే వైద్యం కార్డు కోసం మా ఆఫీసుకొచ్చింది. పనివాళ్ల పట్టికలో ఆమె పేరు లేదు. వెండర్లకు కార్డులుండవని రంగప్పగారు తలెత్తకుండానే చెప్పారు. పూర్ణచంద్రకు ఫోన్ చేసి ఒక్క గడి కలపమని బతిమాలాను. అందరూ వాడే మోడల్, ఒక్క మనిషి కోసం మార్చడం కుదరదన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

చిన్నమణి ఏడవలేదు. నా కుర్చీ పక్కన నిలబడి స్క్రీన్ వైపు చూసింది.

"మీరు నాకిచ్చిన నూలు దాంట్లో యాడ రాసుండాది?"

వెతికాను. సరకు అమ్మే పార్టీకి మనం నూలిచ్చే గడి అందులో లేనేలేదు. బిస్కెట్లు అమ్మేవాడికి పిండి ఎవరిస్తారు? లేదని చెప్పాను.

"అట్లయితే ఇంట్లో ఉండే లుంగీలు నావే" అని వెళ్లిపోయింది.

పళ్ళికొండలో హైవే మీది షాపుకు ఆ వారమే ఇవ్వాల్సిన అరవై లుంగీలు, భుజం పట్టకముందు నేసినవి, ఆమె పెట్టెలోనే ఉన్నాయి. ఇన్నేళ్లలో ఎన్నడూ ఆ వీధి తొక్కని రంగప్పగారు నన్ను వెంటబెట్టుకుని ఆమె ఇంటికి వెళ్లారు. గుమ్మంలో నిలబడి మెల్లగా అన్నారు.

"నువ్వు మా మనిషివే గదమ్మా."

చిన్నమణి ఎడమచేత్తో పెట్టె మూత వేసి దాని మీద కూర్చుంది.

"ఆ మాట కంప్యూటర్లో రాసి, కార్డు తీసుకోని రా నాయనా. అందాకా నేను సరకు అమ్మే పార్టీనే. నాకిప్పుడు అమ్మేదానికి ఇష్టం లేదు."